కాగితం మీది పాట, కంప్యూటర్లోని పాట కలిసి నడవాలంటే

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంట్లో స్టూడియో పెట్టుకుని షార్ట్ ఫిల్ములకూ, క్రిస్మస్ పాటల ఆల్బమ్‌లకూ సంగీతం చేసేవాళ్ల పని ఇంచుమించు ఒకే తీరులో నడుస్తుంది. ట్రాక్ అంతా క్యూబేస్‌లోనో, లాజిక్‌లోనో, రీపర్‌లోనో కడతారు. వీటినే డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్లు, పొట్టిగా డీఏడబ్ల్యూలు అంటారు. బడ్జెట్ కాస్త కలిసొచ్చి, వయొలిన్లు మనుషులు వాయిస్తేనే బాగుంటుందని నిర్మాత ఒప్పుకుంటే పినాకిని ఎక్కి చెన్నై వెళ్తారు. అక్కడి స్ట్రింగ్స్ వాళ్లకు ట్రాక్ వినిపించి "ఇలా వాయించండి" అంటే కుదరదు. ముందు స్టాండు మీద కాగితం ఉండాలి. క్వయర్ సంగతీ అంతే. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గొంతులు పెట్టుకునే చర్చిల్లో ఎవరి లైను వాళ్లకు రాసివ్వాల్సిందే.

అలా ఒకే పాట రెండుచోట్ల తయారవుతుంది. డీఏడబ్ల్యూలో ఒకటి, సిబీలియస్, డోరికో, మ్యూజ్‌స్కోర్ లాంటి నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకొకటి. దర్శకుడు ఫోన్ చేసి రెండో చరణం ముందు మ్యూజిక్ కాస్త పెంచమంటాడు. డీఏడబ్ల్యూలో నాలుగు బార్లు (కొన్ని బీట్లు కలిసిన గడి ఒక బారు) పెరుగుతాయి, కాగితం మీద పెరగవు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఈ రెండింటినీ ముడేసే మీట ఒకటి ఏదో మెనూలో ఉండే ఉంటుందని, మనకు కనబడట్లేదంతేనని చాలామంది అనుకుంటారు. అలాంటి మీట లేదు. ఎందుకు లేదో అర్థమైతే సగం తలనొప్పి పోతుంది.

నొటేషన్ సాఫ్ట్‌వేర్‌కు సెకన్లతో పని లేదు. దానికి తెలిసింది బార్లు, బీట్లు. పదిహేడో బారులో మూడో బీటు మీద ఒక స్వరం ఉందంటే అది ఎన్నో సెకనులో మోగుతుందో ఆ కాగితం చెప్పదు, టెంపో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లన్న వేగం, చెప్పాలి. డీఏడబ్ల్యూలో రికార్డు చేసిన గొంతు సరిగ్గా దీనికి వ్యతిరేకం. అది సెకనుకు 48,000 శాంపిల్స్ చొప్పున పేర్చిన అంకెల వరస. అందులో బారు లేదు, బీటు లేదు. ఫలానా శాంపిల్ ఫలానా బారులో పడుతుందని చెప్పాలంటే దానికీ టెంపోయే కావాలి. పాట పొడవునా ఏ బారు దగ్గర ఎంత టెంపో, ఎన్ని బీట్ల లెక్క అని రాసుకున్న పట్టీని టెంపో మ్యాప్ అంటారు. రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య నిజంగా కలవాల్సింది ఇది. చాలామంది దీన్ని వదిలేసి కేబుళ్ల వెంట పడతారు.

టెంపో మ్యాప్ ఒకటి కాకపోతే ఎంత తేడా వస్తుందో చూడండి. స్కోర్లో, అంటే నొటేషన్ ప్రోగ్రాములోని రాతలో, 92 అని రాశారు, డీఏడబ్ల్యూలో ఎప్పుడో 92.5కి జరిపి మర్చిపోయారు. వినడానికి తేడా ఏమీ తెలియదు. కానీ మూడు నిమిషాల పాట చివరికి వచ్చేసరికి దాదాపు ఒక సెకను తేడా పడుతుంది. అంటే కాగితం చూసి వాయించేవాళ్లు ఒక బీటున్నర వెనక ఉంటారు.

ఇక నేరుగా కలిపే పద్ధతుల సంగతి. వీటికి మూలం 1983లో వచ్చిన మిడి, అంటే ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ ఇకుతారో కకేహషి చొరవతో అది పుట్టింది. ఒక కంపెనీ సింథసైజర్ మీద నొక్కితే ఇంకో కంపెనీది మోగాలి, అప్పట్లో కావాల్సింది అంతే. అందులోనే వేగం కలుపుకోవడానికి మిడి క్లాక్ అని ఒక ఏర్పాటు పెట్టారు. ఒక బీటుకు, అంటే క్వార్టర్ నోటుకు, 24 టిక్కులు పంపుతుంది. 120 టెంపోలో సెకనుకు 48 టిక్కులు. అందుకునే యంత్రం ఆ టిక్కుల మధ్య దూరం చూసి వేగం అంచనా కడుతుంది. ఇప్పుడు టెంపో ఇంత అని ఆ సందేశంలో ఎక్కడా అంకె ఉండదు. ఎన్నో బారులో ఉన్నామో కూడా ఉండదు. మధ్యలోంచి మొదలుపెట్టినప్పుడు మాత్రం సాంగ్ పొజిషన్ పాయింటర్ అనే సందేశం వెళ్తుంది. అది మొదటి నుంచి ఎన్ని సిక్స్‌టీన్త్ నోట్లు దాటామో లెక్క చెబుతుంది.

1987లో దీని పక్కకు మిడి టైమ్ కోడ్ వచ్చింది. ఇది సినిమా, టీవీల్లో వాడే టైమ్ కోడ్‌ను మిడిలోకి తెచ్చింది. గంట, నిమిషం, సెకను, ఫ్రేము. అంతే. టెంపో సంగతి దీనికి బొత్తిగా పట్టదు.

కచేరీలో తాళం వేసే చేతికీ, గోడ మీది గడియారానికీ ఉన్న తేడాయే ఈ రెండింటికీ ఉంది. చెయ్యి చూసినవాడికి నడక తెలుస్తుంది కానీ కచేరీ మొదలై ఎంతసేపైందో తెలియదు. గడియారం చూసినవాడికి టైం తెలుస్తుంది కానీ సమం ఎక్కడ పడిందో తెలియదు. మిడి క్లాక్ పంపుతున్నప్పుడు టెంపో మారితే అవతలిదీ వెంట మారుతుంది. టైమ్ కోడ్ పంపుతుంటే రెండు ప్రోగ్రాముల్లోనూ టెంపో మ్యాప్ ముందే ఒకేలా పెట్టుకోవాలి, లేకపోతే రెండూ ఒకే సెకను దగ్గర నిలబడి వేర్వేరు బార్లు వాయిస్తాయి. టైమ్ కోడ్ ఇస్తే టెంపో దానంతటదే కలుస్తుందనుకుని రాత్రంతా కూర్చునేవాళ్లు ఈ తేడా దగ్గరే ఇరుక్కుంటారు.

టైమ్ కోడ్‌కు ఇంకో గుణం ఉంది. పూర్తి సమయం ఒక్క దెబ్బలో వెళ్లదు, ఎనిమిది ముక్కలుగా వెళ్తుంది. ఆ ఎనిమిదీ చేరడానికి రెండు ఫ్రేముల కాలం పడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అది 80 మిల్లీసెకన్లు. అందుకే ప్లే నొక్కగానే రెండోది వెంటనే అందుకోదు, ఒక క్షణం తడుముకుని అప్పుడు లాక్ అవుతుంది. పాట ముందు రెండు ఖాళీ బార్లు పెట్టుకోమని అనుభవమున్నవాళ్లు చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఇంత చెప్పాక అసలు చిక్కు: నొటేషన్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి బయటి గడియారం విని నడిచే అలవాటు సరిగ్గా లేదు. వాటిని కట్టింది అచ్చు వేయడానికి. ప్లేబ్యాక్ తర్వాత వచ్చి చేరింది. మ్యూజ్‌స్కోర్ మూడో వెర్షన్‌లో జాక్ అనే వ్యవస్థ ద్వారా వేరే ప్రోగ్రాముతో కలిసి నడిచే వీలుండేది. 2022 డిసెంబరులో నాలుగో వెర్షన్ వచ్చినప్పుడు శబ్దం బాగుపడింది, వీఎస్టీ3 ప్లగిన్లు (బయటి వాద్యాల శబ్దాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) పెట్టుకునే వీలొచ్చింది, జాక్ మాత్రం పోయింది.

యూట్యూబ్‌లో వెతికితే ఎక్కువగా కనబడే పేరు రీవైర్. 1998లో ప్రొపెల్లర్‌హెడ్ కంపెనీ తెచ్చింది. డీఏడబ్ల్యూ ఆతిథ్య ప్రోగ్రాముగా, రెండోది దాని కింద నడిచేదిగా ఉండి, శాంపిల్ తేడా లేకుండా కలిసి నడిచేవి. రెండోదాని శబ్దం కూడా నేరుగా డీఏడబ్ల్యూ మిక్సర్‌లోకి వచ్చేది. సిబీలియస్ ఆరో వెర్షన్‌లో, ఫినాలె అనే ఇంకో నొటేషన్ ప్రోగ్రాము 25వ వెర్షన్‌లో ఈ సదుపాయం చేరింది. వీటిలో చేతికి అందినంత దగ్గరగా వచ్చింది ఇదే అని నా లెక్క. కానీ 2020 చివరికి రీవైర్‌ను మూసేశారు, దాంతో డీఏడబ్ల్యూలు ఒక్కొక్కటే దాన్ని తీసేస్తూ వచ్చాయి. ఆ తర్వాత 2024 ఆగస్టులో ఫినాలె తయారీనే ఆపేస్తున్నామని దాని కంపెనీ మేక్‌మ్యూజిక్ ప్రకటించింది. కాబట్టి పాత వీడియో చూసి రీవైర్ మెనూ ఎక్కడుందని వెతుకుతుంటే ఆపేయండి. ఫినాలె ఫైళ్లు పాత హార్డ్ డిస్కులో ఉన్నవాళ్లు ఆ ప్రోగ్రాము తెరుచుకుంటున్నప్పుడే అన్నింటినీ మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఫైలు రకంగా (దాని సంగతి కింద వస్తుంది) ఎగుమతి చేసి పెట్టుకోవడం మంచిది.

రీవైర్ పోయాక మిగిలిన ప్రత్యక్ష దారి వర్చువల్ మిడి కేబుల్. మ్యాక్‌లో ఐఏసీ డ్రైవర్ అని లోపలే ఉంటుంది, విండోస్‌లో లూప్‌మిడి లాంటిది ఉచితంగా దొరుకుతుంది. నొటేషన్ ప్రోగ్రాము తన శబ్దాలు మానేసి స్వరాలను ఈ లేని కేబుల్లోకి పంపుతుంది. డీఏడబ్ల్యూ వాటిని అందుకుని మన దగ్గరున్న మంచి వయొలిన్ లైబ్రరీలతో మోగిస్తుంది. ఇందులో కాలం కలపాల్సిన పని లేదు. పాటను నడిపేది స్కోరు, డీఏడబ్ల్యూ కేవలం వాద్యం. రాసింది మంచి శబ్దంతో వినాలనుకునేవాడికి ఇది చాలు. ఒక కేబుల్లో 16 ఛానళ్లే పడతాయి, అంతకంటే ఎక్కువ వాద్యాలుంటే ఇంకో కేబుల్ సృష్టించుకోవాలి.

ఈ దారిలో రెండు గుంతలున్నాయి. డీఏడబ్ల్యూ అందుకున్న స్వరాన్ని తిరిగి అదే కేబుల్లోకి పంపేలా సెట్టింగ్ ఉంటే స్వరం గుండ్రంగా తిరుగుతూ పోతుంది, కాసేపట్లో కంప్యూటర్ బిగుసుకుంటుంది. డీఏడబ్ల్యూ మిడి అవుట్‌పుట్ జాబితాలో ఆ కేబుల్‌ను ఆపేస్తే సరిపోతుంది. రెండోది విండోస్ వాళ్లకు. చాలా ఆడియో ఇంటర్‌ఫేసుల ఏసియో డ్రైవర్లు (శబ్దాన్ని ఆలస్యం లేకుండా పంపేవి) ఒకేసారి ఒక్క ప్రోగ్రాముకే పలుకుతాయి. రెండోది తెరవగానే ఒకదానికి నోరు పడిపోతుంది. సింక్ పాడైందని అరగంట వెతికే ముందు, నొటేషన్ ప్రోగ్రాము ఆడియోను మామూలు విండోస్ డ్రైవర్‌కు మార్చి చూడాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా కలిసి నడవడం గురించి. కానీ మన అవసరాల్లో ఎక్కువ భాగం అది కాదు. ఒకచోట ఉన్న స్వరాలు రెండోచోటికి చేరాలి. దీనికి ఫైలు చాలు. ఏ ఫైలన్నదే ప్రశ్న.

మిడి ఫైలు ఏ మీట ఎప్పుడు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో, ఎప్పుడు వదిలారో చెబుతుంది. టెంపో మ్యాప్‌నూ తనతో మోసుకెళ్తుంది. బీటుకు ఇన్ని మైక్రోసెకన్లు అని ఉంటుంది, 120 టెంపో అంటే 5,00,000. స్వరం పేరు మాత్రం దానికి తెలియదు. మాయామాళవగౌళ తీసుకోండి, సంగీతం మొదలుపెట్టిన ప్రతి పిల్లా సరళీ వరసలు పాడేది అందులోనే. సి శ్రుతిలో శుద్ధ రిషభం డి ఫ్లాట్, శుద్ధ ధైవతం ఎ ఫ్లాట్. మిడికి ఆ రిషభం ఉత్త 61వ నంబరు. ఆ నంబరుకు సి షార్ప్ అని కూడా రాయొచ్చు. ఫైలు తెరిచిన నొటేషన్ ప్రోగ్రాము ఊహించి ఏదో ఒకటి రాస్తుంది. సి పక్కన సి షార్ప్, జి పక్కన జి షార్ప్ పడ్డ కాగితం చూసిన వయొలినిస్టుకు చదవడం నరకం. చెవికి ఒకటే, కంటికి కాదు.

కీబోర్డు మీద చేత్తో వాయించింది అలాగే మిడిగా పంపితే ఇంకో గోల. డీఏడబ్ల్యూ ఒక్కో బీటును 480 టిక్కులుగా కోసుకునే ప్రాజెక్టులో రెండో బీటు మీద పడాల్సిన స్వరం 7 టిక్కులు ఆలస్యంగా పడిందనుకోండి. 120 టెంపోలో అది ఏడు మిల్లీసెకన్ల పైచిలుకు, ఎవరి చెవికీ తెలియదు. స్వరాన్ని 480 టిక్కులు పూర్తిగా పట్టుకోకుండా 431 దగ్గర వదిలేశారు, అదీ సహజమే. కానీ అచ్చుపని చేసే ప్రోగ్రాము దాన్ని ఉన్నదున్నట్టు రాయబోతే ముందు ఓ చిన్న విరామం, ఆ తర్వాత నాలుగైదు స్వరాలు టైలతో (కలిపే వంపు గీతలతో) కలిపి ఒక పుల్లల మోపు, చివర ఇంకో బుల్లి విరామం వస్తాయి. ఒక్క క్వార్టర్ నోటుకు! మందు సులువే. ట్రాకును కాపీ చేసి, కాపీలో మాత్రం మొదళ్లనూ నిడివినీ కూడా క్వాంటైజ్ చేసి, అంటే సరిగ్గా బీటు లెక్కకు జరిపి, అది పంపాలి. అసలు ట్రాకు ముట్టుకోకూడదు, పాటలో ప్రాణం ఉన్నది ఆ ఏడు టిక్కుల్లోనే. డోరికో ఈ విషయంలో తెలివైంది. రాసిన నిడివి, మోగే నిడివి అని రెండూ విడివిడిగా దాచుకుంటుంది.

మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ దీనికి తిరగేసిన రకం. మైకేల్ గుడ్ రూపొందించిన ఈ పద్ధతి మొదటి వెర్షన్ 2004లో వచ్చింది. డి ఫ్లాట్ అంటే డి ఫ్లాట్ అనే రాస్తుంది. స్లర్లు, స్టకాటో చుక్కలు, పాట మాటలు, రిపీట్ గుర్తులు అన్నీ మోస్తుంది. మన పాటలకు మాటలు చేరడం చిన్న విషయం కాదు. తెలుగు అక్షరాలు చూపే ఫాంటు అవతల ఉంటే "దే-వా" అన్న విడుపుతో సహా స్వరాల కింద కూర్చుంటాయి. మీరు గీసిన వాల్యూమ్ వంపులు, గమకం కోసం వాడిన పిచ్ బెండ్లు మాత్రం దాంట్లో పోవు. అందుకని కాగితం కోసం మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్, శబ్దం కోసం మిడి అని గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది. క్యూబేస్, లాజిక్, రీపర్ మూడూ మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రాయగలవు. అబ్లెటన్ లైవ్ అనే డీఏడబ్ల్యూలో అసలు స్వరలిపి చూపే ఏర్పాటే లేదు, అది వాడేవాళ్లకు మిడి తప్ప దారి లేదు.

గమకం అన్నాక ఒక మాట. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. వాళ్ల పూర్వులది కంభం దగ్గరి కాకర్ల అంటారు, అంటే మన వైపు వాళ్లే. ఆ సంప్రదాయంలో రాత జ్ఞాపకానికి ఊతం మాత్రమే, పాట గురువు గొంతులోంచి శిష్యుడి గొంతులోకి వెళ్లింది. ఐదు గీతల మీద తోడి రాగ గాంధారాన్ని ఊపుతో సహా రాయాలని ఎంత తంటాలు పడ్డా లాభం లేదు. నిలకడ స్వరం రాసి, పైన చిన్న గుర్తు పెట్టి, గైడ్ ట్రాక్, అంటే పాడి చూపిన నమూనా, వినిపించడమే నయం.

ఇక ఎవరూ హెచ్చరించని విషయం: బారు నంబర్లు. కాగితం మీద రిపీట్ గుర్తు పెడతాం, డీఏడబ్ల్యూలో కాలం వెనక్కి తిరగదు. నాలుగు బార్ల ఇంట్రో, తర్వాత పదహారు బార్ల పల్లవి రెండుసార్లు అనుకుందాం. స్కోర్లో పల్లవి 5 నుంచి 20 దాకా, చరణం 21లో మొదలు. డీఏడబ్ల్యూలో చరణం 37లో మొదలు. సెషన్‌లో కండక్టర్ "21 నుంచి" అంటే ఇంజినీరు పల్లవి రెండో ఆవృత్తి మొదలు పెడతాడు. తాళం కంటే ముందే ఎత్తుకునే పాటలైతే, కీర్తనల్లో అతీతం అంటామే అలాంటివి, నొటేషన్ ప్రోగ్రాము ఆ ముక్క బారును లెక్కలోకి తీసుకోదు, డీఏడబ్ల్యూ దాన్నే ఒకటో బారు అంటుంది. అక్కడ్నుంచి చివరిదాకా ఒకటి తేడా. రికార్డింగ్‌కు వెళ్లే స్కోర్లో రిపీట్లు పెట్టకండి, రెండుసార్లూ పూర్తిగా రాసేయండి. కాగితం నాలుగు పేజీలు పెరిగితే పెరగనీ, స్టూడియో గంటతో పోలిస్తే జిరాక్స్ చవక.

మిశ్రచాపు పాటలకు కూడా చూసుకోవాలి. మిడి ఫైలు 7/8 అని మోస్తుంది కానీ మూడు, రెండు, రెండుగా విడగొట్టాలన్న సంగతి దాంట్లో ఉండదు. క్లిక్, అంటే వాయించేవాళ్ల చెవిలో బీటు చెప్పే చప్పుడు, ఏడు సమానమైన దెబ్బలు కొడుతుంది, నొటేషన్ ప్రోగ్రాము స్వరాల తోకల్ని తనకు తోచినట్టు కలుపుతుంది. రెండుచోట్లా విడుపు చేత్తో చెప్పాలి.

బొమ్మకు సంగీతం చేసేవాళ్లకు ఇంకో పొర. మన దగ్గర షార్ట్ ఫిల్ములు ఫోన్‌తో తీసేవి ఎక్కువ. ఫోన్లు ఫ్రేము వేగాన్ని ఒకేలా ఉంచవు, వెలుతురును బట్టి మార్చుకుంటాయి. ఆ ఫైలును నేరుగా డీఏడబ్ల్యూలో వేస్తే సీను మధ్యకొచ్చేసరికి దెబ్బ ఒకచోట, చప్పుడు ఒకచోట. స్థిరమైన ఫ్రేము వేగంతో, తెర మీద టైమ్ కోడ్ కనబడేలా రెండర్ చేసివ్వమని ఎడిటర్‌ను ముందే అడగాలి. ఆ అంకె ఎంతో కూడా అడగాలి. 24లో ఉన్నదాన్ని 25లో ఆడిస్తే పది నిమిషాల సినిమా 24 సెకన్లు తగ్గుతుంది. శాంపిల్ రేటుదీ ఇదే కథ. 48,000లో రికార్డు చేసింది 44,100 అనుకుని ఆడిస్తే పాట సాగడమే కాదు, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ దిగిపోతుంది. ఇది ఎవరికైనా వెంటనే తెలుస్తుంది కాబట్టి పెద్ద ప్రమాదం కాదు. ఫ్రేము తేడాయే మెల్లగా తినేస్తుంది.

కంపెనీలు కూడా రెండు ప్రోగ్రాముల్ని తాడేసి కట్టే ఆలోచన వదిలేసి, ఒకదాన్ని ఇంకోదాని లోపల పెట్టేస్తున్నాయి. ప్రో టూల్స్ అనే డీఏడబ్ల్యూలో 2008 నుంచే సిబీలియస్ పద్ధతి స్కోర్ ఎడిటర్ ఉంది. డోరికో 2016లో పుట్టినప్పుడే క్యూబేస్ ఆడియో ఇంజిన్‌తో వచ్చింది. 2024లో క్యూబేస్ 14 తన పాత స్కోర్ ఎడిటర్ తీసేసి డోరికో మీద కట్టిన కొత్తది పెట్టింది. స్టూడియో వన్ అనే డీఏడబ్ల్యూ ఐదో వెర్షన్‌లో నోషన్ అనే నొటేషన్ ప్రోగ్రాము నుంచి తెచ్చిన స్కోర్ వ్యూ చేరింది. నలుగురు వయొలిన్ వాళ్లకు పార్టులు, అంటే ఎవరి కాగితం వాళ్లకు, తీయడానికి ఇవి ధారాళంగా సరిపోతాయి. పెద్ద ఆర్కెస్ట్రాకు, కోరస్‌తో కలిపి ముప్పై స్టేవుల (ఐదు గీతల వరసల) స్కోరుకు విడి నొటేషన్ ప్రోగ్రాము అవసరం ఇంకా ఉంది.

నన్నడిగితే ప్రత్యక్ష సింక్ కోసం పడే శ్రమ చాలా సందర్భాల్లో దండగ. కాలం లెక్క డీఏడబ్ల్యూ చేతిలో పెట్టాలి, రాత లెక్క నొటేషన్ ప్రోగ్రాము చేతిలో. టెంపో మ్యాప్ డీఏడబ్ల్యూలో ఖాయం చేసి, మిడిగా తీసి, స్కోర్లోకి తెచ్చుకోవాలి. ఎప్పుడూ డీఏడబ్ల్యూ నుంచి స్కోర్లోకే, మధ్యలో తిరగేయకూడదు. స్కోర్లో రిటార్డాండో అని రాసి ప్లేబ్యాక్‌ను దానిష్టానికి వదిలేస్తే అది ఒక లెక్కన నిదానిస్తుంది, డీఏడబ్ల్యూ ఇంకో లెక్కన నిదానిస్తుంది. ఆ మాట కాగితం మీద కనబడేలా ఉంచి, దాని ప్లేబ్యాక్ ఆపేసి, మెట్లు మెట్లుగా వచ్చిన డీఏడబ్ల్యూ టెంపోలనే వాడుకుని వాటి అంకెలు దాచేయాలి. స్కోర్లోంచి ఒక ఆడియో ట్రాకు తీసి డీఏడబ్ల్యూలో ఒక మూల పెట్టుకుంటే, రెండూ కలిపి ప్లే చేసినప్పుడు ఎక్కడ జారిందో చెవికే తెలుస్తుంది.

చెన్నై సెషన్‌కు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌లో క్లిక్‌ను మిడిగా కాకుండా ఆడియోగానే పెట్టుకోండి. గైడ్ ట్రాకూ, క్లిక్కూ ఒకే శాంపిల్ దగ్గర, పాట మొదటి బారుకు రెండు బార్ల ముందు మొదలవ్వాలి. పార్టుల్లో ప్రతి బారు మీదా నంబరు అచ్చయ్యేలా చూడాలి, లైను మొదట్లో మాత్రమే ఉంటే చాలదు. స్కోర్లోని ఎ, బి, సి రిహార్సల్ గుర్తులూ, డీఏడబ్ల్యూలోని మార్కర్లూ ఒకే బార్ల దగ్గర ఉండాలి. ఫైలు పేరులో టెంపో, శాంపిల్ రేటు, తేదీ రాసి పెడితే అవతలి ఇంజినీరు ఫోన్ చేసి అడగక్కర్లేదు.